షికారుకని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఐదున్నరేళ్లు. టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ బాగా పెరిగి రాత్రిళ్లు గురక పెడుతున్నాడు, మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోంది. ఇంకో 12 రోజుల్లో ఆపరేషన్. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచుతామన్నారు. పోయినేడు రక్తపరీక్షప్పుడు వాణ్ని నలుగురం పట్టుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆసుపత్రి గుమ్మం చూస్తేనే ఏడుపు. ‘ముందే చెప్పి హడలగొట్టడమెందుకు, షికారుకని తీసుకెళ్దాం’ అంటున్నారు మా అత్తగారు, మావారు. నాకు మనసొప్పడం లేదు. వాడికి తొమ్మిదేళ్ల అక్క ఉంది. నిన్న నన్ను చాటుగా పిలిచి ‘తమ్ముడు చచ్చిపోతాడా అమ్మా’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచక కసిరాను. ఇద్దర్నీ ఎలా సిద్ధం చేయాలి?

సమాధానం: మీ మనసు చెప్పిందే సరైనదండి. షికారు మాట వద్దు. ఆపరేషన్ బల్ల మీద పిల్లాడి సహకారంతో పనిలేదు, అక్కడ మత్తులో ఉంటాడు. వాడి సహకారం కావాల్సింది ఇంటికొచ్చాక, మూడో రోజున. టాన్సిల్స్ తీశాక నొప్పి రోజురోజుకూ తగ్గుతూ పోదు. మూడు నుంచి ఐదో రోజు మధ్య మళ్లీ పెరుగుతుంది. మింగితే మంట, అయినా గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. ‘తాగు నాన్నా, తాగితేనే గొంతు తేలికపడుతుంది’ అని మీరన్నప్పుడు వాడు నమ్మాలి. షికారని చెప్పి తీసుకెళ్లి మత్తు గదిలో అప్పజెప్పిన అమ్మ మాట మూడో రోజున ఎలా నమ్ముతాడు? మీ అత్తగారికీ మీవారికీ ఈ సంగతే చెప్పండి. వాళ్లు అంటున్నదీ పిల్లాడి మీద ప్రేమతోనే కాబట్టి, తర్వాతి రోజుల కష్టం కళ్లకు కడితే ఒప్పుకుంటారు.

అయితే ఈరోజే చెప్పాల్సిన పనిలేదు. ఈ వయసు పిల్లలకు 12 రోజులంటే అంతులేని కాలం, అన్ని రోజులూ భయం మోస్తూ తిరుగుతారు. నాలుగైదు రోజుల ముందు చాలు. రెండు మూడేళ్ల పిల్లలకైతే ఒకటి రెండు రోజుల ముందు, ఏడు దాటిన వాళ్లకు వారం పైబడి ముందు చెప్పాలి. పిల్లాడే ఈలోగా అడిగితే మాత్రం దాటవేయకండి, ఆ నిమిషానే చెప్పేయండి. పడుకునే ముందు చెప్పకండి. పగలు, వాడు ఏ బొమ్మలో గీసుకుంటూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. ఒక కాగితం మీద ఐదు గళ్లు గీసి, రోజూ పడుకుని లేచాక ఒక గడి కొట్టేయించండి. ‘ఇంకో వారంలో’ అన్న మాట వాడికి అందదు, మిగిలిన గళ్లు అందుతాయి.

ఏం చెప్పాలంటే ఇంతే: ‘రాత్రిపూట నీకు ఊపిరి సరిగ్గా ఆడట్లేదు కదా. నోటి లోపల, వెనకాల రెండు చిన్న ఉండలు పెద్దవైపోయి గాలికి దారి ఇవ్వట్లేదు. డాక్టరు వాటిని నోట్లోంచే తీసేస్తారు. మెడ మీద ఏమీ చేయరు. అప్పుడు నువ్వు మందు నిద్రలో ఉంటావు, నీకేమీ తెలియదు. లేచాక గొంతు నొప్పిగా ఉంటుంది, దానికి మందు ఇస్తారు. ఒక రాత్రి అక్కడే పడుకుని ఇంటికొచ్చేస్తాం.’ తర్వాత మీరు ఆగండి. ప్రశ్నలు వస్తే చెప్పండి, రాకపోతే వదిలేయండి. మర్నాడు స్నానం చేయిస్తుంటేనో, బండి మీద వెళ్తుంటేనో అడుగుతాడు. చివర్లో ఒక్క ముక్క కలపండి: ‘నువ్వు ఏదో తప్పు చేసినందుకు కాదు.’ అల్లరి చేశానని, చెప్పిన మాట వినలేదని తనకు ఈ శిక్ష పడిందని ఈ వయసు పిల్లలు లోలోపల అనుకుంటారు, పైకి అనరు.

మాటల దగ్గర జాగ్రత్త అవసరం. పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు. ‘గొంతు ఆపరేషన్’ అన్నది వాడి చెవిలో ‘గొంతు కోయడం’గానే పడుతుంది. ఇంట్లో ఫోన్లలో చుట్టాలతో మాట్లాడేటప్పుడు కూడా ఆ మాట మానేయండి, వాడు పక్కగదిలోంచి వింటూనే ఉంటాడు. ‘నిద్రపుచ్చుతారు’ అంటే రెండు చిక్కులున్నాయి: రాత్రి మామూలు నిద్రకే భయపడతాడు, లేదా నిద్ర మధ్యలో మెలకువ వచ్చేస్తే ఎలా అని హడలిపోతాడు. అందుకే ‘మందు నిద్ర’ అనండి. ‘అది రాత్రి నిద్రలాంటిది కాదు, మధ్యలో మెలకువ రాదు. మత్తు డాక్టరు పని అయ్యేదాకా నీ పక్కనే ఉంటారు. ఆ మందు ఆపేశాక లేస్తావు’ అని విడదీసి చెప్పండి. ‘రక్తం తీస్తారు’ అంటే ఒంట్లోది అంతా అయిపోతుందనుకునే పిల్లలున్నారు. ‘ఒక చెంచాడు, ఒళ్లు మళ్లీ తయారుచేసుకుంటుంది’ అనండి. ఇక మనందరి నోటా అలవాటుగా వచ్చే ‘చీమ కుట్టినట్టు ఉంటుంది’. దయచేసి అది వద్దు. చీమకంటే ఎక్కువ నొప్పి పుట్టిన క్షణంలో మీ మిగతా మాటలన్నీ అబద్ధాలైపోతాయి. ‘గుచ్చుకున్నట్టు ఉంటుంది, కొంతమందికి కొంచెమే అనిపిస్తుంది, కొంతమందికి ఎక్కువ, నీకెలా ఉందో నువ్వే చెప్పు’ అంటే సరిపోతుంది. ‘అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా’ అన్న బెదిరింపు కూడా ఈరోజు నుంచే ఇంట్లో అందరూ మానేయాలి.

చెప్పిన మర్నాటి నుంచి డాక్టరాట ఆడించండి, రోజుకు పావుగంటో ఇరవై నిమిషాలో. సూది లేని సిరంజి, ప్లాస్టరు, పట్టీ గుడ్డ, దొరికితే ఆవిరి పట్టే నెబ్యులైజర్ మాస్కు, ఒక బొమ్మ చాలు. వాడు రాత్రిపూట పక్కలో పెట్టుకునే బొమ్మకు మాత్రం సూది గుచ్చనివ్వకండి. అది వాడి ధైర్యం, దాన్ని రోగిని చేయకూడదు. వేరే బొమ్మ తీసుకోండి. మొదటిసారి మీరు డాక్టరు, వాడు చూస్తాడు. తర్వాత వాడే డాక్టరు. పోయినేటి అనుభవం ఉంది కాబట్టి బహుశా బొమ్మను గట్టిగా అదిమిపెట్టి పదేపదే పొడుస్తాడు. అడ్డుకోకండి, ‘అలా కాదు’ అని దిద్దకండి. మింగుడుపడని దాన్ని పిల్లలు ఆటలో తిప్పితిప్పి అరిగించుకుంటారు. వాడి ఊపు తగ్గాక, ‘ఈ బొమ్మకు వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని చేయించుకోవాలని ఉందట’ అని ఇంకో దారి చూపించండి. ఆటలో వాడు బొమ్మతో ఏమంటున్నాడో చెవిపెట్టి వినండి. ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నాడో అక్కడే బయటపడుతుంది.

మాస్కును ప్రత్యేకంగా అలవాటు చేయండి. ముక్కూ నోరూ కప్పేలా పెట్టి, బుడగ ఊదుతున్నట్టు పది పెద్ద ఊపిర్లు. మత్తుగాలికి స్కెచ్ పెన్నులాంటి ఘాటు వాసన ఉంటుందని చెప్పండి; ఆ వాసన హఠాత్తుగా తగిలితేనే పిల్లలు మాస్కు లాగేస్తారు.

ఈలోగా ఆసుపత్రికి ఒక ఫోన్ చేయండి. అన్నిటికంటే ముందు పోయినేడు నలుగురు పట్టుకున్న సంగతి మత్తు డాక్టరుకు చేరాలి. ఆ ఒక్క ముక్క తెలిస్తే వాళ్లు పద్ధతి మార్చుకోగలరు: ముందు మాస్కుతో మత్తిచ్చి, నిద్రపోయాక చేతికి క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టొచ్చు, లేదా భయం తగ్గే మందు ముందుగా నోటి ద్వారా ఇవ్వొచ్చు. ఆ మందు ఇస్తే ఇరవై ముప్పై నిమిషాల్లో పిల్లాడు తూలుతాడు, ఆపైన ఒంటరిగా నడవనివ్వకండి. మత్తు ఎక్కేదాకా మీరు పక్కన ఉండొచ్చా, లేచే గదిలోకి ఎప్పుడు రానిస్తారు, రాత్రి ఎంతమంది ఉండొచ్చు, పిల్లల్ని సిద్ధం చేసే చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ ఉన్నారా, ముందుగా ఒకసారి వార్డు చూపిస్తారా అని అడగండి. మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి: వాడుతున్న మందులన్నీ, పడని మందులు, మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా మత్తుమందు వికటించిందా, తేలిగ్గా రక్తం కారే స్వభావం ఎవరికైనా ఉందా. ఈ వయసులో పళ్లు కదలడం మొదలవుతుంది కాబట్టి కదిలే పన్ను ఉంటే తప్పకుండా చెప్పండి, మత్తులో అది ఊడి ఊపిరిగొట్టంలోకి జారే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు ముందు రెండు వారాల్లో జలుబు, దగ్గు, జ్వరం వచ్చినా దాచకండి. వాయిదా పడితే పడింది. జలుబుతో వాచిన శ్వాసనాళాలు మత్తులో బిగుసుకుంటే కష్టం.

ఉపవాసం గురించి చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. సాధారణంగా వాడే లెక్క: తిండికీ మామూలు పాలకూ 6 గంటలు, నూనె ఎక్కువున్న భోజనానికి 8, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 గంటలు. కొన్నిచోట్ల నీళ్లకు గంటే అంటున్నారు. మీ డాక్టరు రాసిచ్చిన గంటలనే పాటించండి. మత్తులో దగ్గు, గుటక పనిచేయవు కాబట్టి కడుపులోది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఈ నియమం అందుకు. పాలు నీళ్లలాంటివే కదా అనుకోకండి, కడుపులో గట్టిపడతాయి. జాలిపడి ఎవరైనా ఒక బిస్కెట్ ముక్క పెడితే ఆపరేషన్ ఆగిపోతుంది, అంతకంటే చెడ్డది ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం. అలా జరిగితే వెంటనే చెప్పేయండి. మరోవైపు, రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఎండగట్టడమూ తప్పే. అనుమతి ఉన్న చివరి గడువుకు కాస్త ముందు గుర్తుపెట్టుకుని నీళ్లు తాగించండి. మీరు తినాల్సింది వాడి కంటపడకుండా తినండి, తినకుండా మాత్రం ఉండకండి. కళ్లు తిరిగి పడిపోయే అమ్మ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

సంచిలో ముందు గుండీలున్న చొక్కాలు పెట్టండి. తలమీంచి తొడిగేవైతే చేతికున్న క్యాన్యులా లాగుతుంది, గొంతూ లాగుతుంది. వాడి పక్కబొమ్మ, ఇంటి తలగడ గలీబు, ఒక పాత తువ్వాలు (చొంగలో కొద్దిగా ఎర్రజీర కనబడొచ్చు), దారిలో వాంతికి కవర్లు, ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. పిల్లాడి సంచి పిల్లాణ్నే సర్దుకోనివ్వండి.

ఇక సూది. ముందుగా మాస్కు కుదరక చేతికి గుచ్చాల్సి వస్తే, చర్మాన్ని మొద్దుబరిచే క్రీము అడగండి. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీమైతే కనీసం 60 నిమిషాల ముందు, దట్టంగా రాసి, పైన అంటుపొర కప్పాలి. ఐదు నిమిషాల ముందు రాసి ‘పనిచేయలేదు’ అనుకునేవాళ్లే ఎక్కువ. రెండు చోట్ల రాయమనండి, ఒక నరం దొరక్కపోతే రెండోది ఉంటుంది. పడుకోబెట్టి అదిమితే పిల్లలు ప్రాణభయంతో తిరగబడతారు. మీ ఒళ్లో, మీ ఛాతీకి వాడి ఛాతీ ఆనించి, ఒక చెయ్యి మీ చంక కిందనుంచి వెనక్కి వచ్చేలా కూర్చోబెట్టుకోండి. మీది కౌగిలి, నర్సుకు కదలని చెయ్యి. ఒకరే మాట్లాడాలి, మీరో మీవారో ముందే తేల్చుకోండి. ‘ఏం కాదు, ఏం కాదు’ అని పదేపదే అనడం వల్ల ఏదో కాబోతోందనే తెలుస్తుంది. దానికి బదులు పని ఇవ్వండి: బుడగలు ఊదడం, గోడమీది బొమ్మలో ఎర్రటివి లెక్కపెట్టడం. ‘ఏ చెయ్యి?’, ‘చూస్తావా, అటు తిరుగుతావా?’ అని అడగండి, ఇవి నిజంగా వాడి చేతిలో ఉన్నవి. ‘సూది వేయించుకుందామా?’ అని అడగకండి, వద్దంటే ఏం చేస్తారు? ఏడవకపోతే బొమ్మ కొనిస్తానని కూడా అనొద్దు. ‘ఏడుపొస్తే ఏడు, చెయ్యి మాత్రం రాయిలా ఉంచు, అదే నీ పని.’ గుచ్చాక సూది తీసేశారని, లోపల మెత్తటి ప్లాస్టిక్ గొట్టమే ఉందని చూపించండి. సూది లోపలే ఉందనుకుని రాత్రంతా చెయ్యి కదపని పిల్లలుంటారు.

మత్తెక్కేటప్పుడు మీరు పక్కన ఉంటే ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఒకటి రెండు నిమిషాల్లో కళ్లు పైకి తేలిపోవచ్చు, కాళ్లూచేతులూ తపతపా కొట్టుకోవచ్చు, గురక రావచ్చు, ఒళ్లంతా ఒక్కసారి వేలాడిపోవచ్చు. చూడలేని దృశ్యమే కానీ మత్తు ఎక్కే తీరే అది, అప్పటికి వాడికేమీ తెలియదు. ఒక ముద్దు పెట్టి బయటికి రండి, ఏడుపొస్తే బయటికొచ్చాక ఏడవండి. మీకు తట్టుకోలేననిపిస్తే మీవారు వెళ్లొచ్చు, అందులో తప్పేం లేదు. పిల్లాడికి ‘నువ్వు లేచేసరికి నేనుంటా’ అని మాటిచ్చే ముందు ఆసుపత్రివాళ్లను అడిగి నిర్ధారించుకోండి. వీలుకాదంటే ‘లేచాక నర్సు నన్ను పిలుస్తుంది, వెంటనే వస్తా’ అనండి. ఆపరేషన్ అరగంటా ముప్పావుగంట పనే అయినా, మీ చేతికి వచ్చేసరికి గంటన్నర, రెండు గంటలు పట్టడం మామూలే.

లేచాక కొందరు పిల్లలు, ముఖ్యంగా రెండు నుంచి ఆరేళ్లవాళ్లు, కేకలు పెట్టి తన్నుకుంటారు, అమ్మను కూడా గుర్తుపట్టరు. ఇది మత్తు విడుతున్న తికమక. చాలామందిలో ఇరవై, ముప్పై నిమిషాల్లో తగ్గుతుంది, వాళ్లకు గుర్తుండదు. బతిమాలకండి, ప్రశ్నలు వేయకండి, వెలుతురు తగ్గించమని అడిగి, పడిపోకుండా చూసుకుంటూ ఒకే మాట మెల్లగా అంటూ ఉండండి. నొప్పి కూడా కారణం కావచ్చు కాబట్టి నర్సును పిలవండి. వార్డులో మీరు బయటికెళ్లాల్సి వస్తే వాడు నిద్రలో ఉన్నప్పుడు జారుకోకండి. చెప్పి వెళ్లండి, మీ చున్నీయో చేతిగుడ్డో వాడి దగ్గర ఉంచండి. మూత్రానికి ఇంట్లో వాడు ఏమంటాడో, సుస్సు అంటాడో ఇంకేదో, నర్సుకు చెప్పండి.

ఇంటికొచ్చాక నోటు పుస్తకం పని మొదలవుతుంది. నొప్పి మందు నొప్పి వచ్చాక ఇచ్చేది కాదు. మొదటి వారం డాక్టరు చెప్పిన గంటలకు, అవసరమైతే రాత్రి లేపి కూడా ఇవ్వాలి. ప్రతి డోసు సమయం రాయండి, లేకపోతే అమ్మ ఒకసారి, నానమ్మ ఒకసారి ఇచ్చేస్తారు. పారాసిటమాల్ సిరప్‌లు 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములవీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి. సీసా మారి చెంచా మారకపోతే డోసు రెట్టింపవుతుంది. వంటింటి చెంచా కాకుండా సిరంజితో కొలవండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. కోడీన్ ఉన్న దగ్గుమందో నొప్పిమందో ఇంట్లో ఉంటే తీసి అవతల పెట్టండి. కొందరి ఒంట్లో కోడీన్ మరీ త్వరగా మార్ఫిన్‌గా మారి ఊపిరిని మందగింపజేస్తుంది. మీ బాబులాగా నిద్రలో ఊపిరి ఆగే పిల్లలకు అది ఇంకా ప్రమాదం. టాన్సిల్స్ తీసిన పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే గట్టిగా హెచ్చరించింది.

మందు ఇచ్చిన అరగంటకు తినిపించండి. మెత్తనిది, చల్లనిది లేదా గోరువెచ్చనిది. పులుపు, కారం, గరుకు అంచులున్నవి వద్దు. తిండి రెండు రోజులు తగ్గినా ఫర్వాలేదు, తాగడం తగ్గకూడదు. మెలకువగా ఉన్నంతసేపూ ఐదు పది నిమిషాలకొకసారి ఒకటి రెండు చెంచాలు. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే తాగడు, అదొక సుడి. ఎర్రటి పానీయాలు వద్దు, వాంతి అయితే రక్తమో రంగో తెలియదు. గొంతులో తెల్లటి పొర, నోటి దుర్వాసన, చెవి పోటు మామూలే. చెవికీ గొంతుకూ ఒకే నరం కలుపు. ఆ తెల్లపొర ఐదు నుంచి పదో రోజు మధ్య ఊడుతుంది, రక్తం కారే అవకాశం మళ్లీ అప్పుడుంటుంది. ఎర్రటి రక్తం ఉమ్మినా, కాఫీ రంగు వాంతి అయినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. 8 గంటలు మూత్రం పోయకపోయినా, 38.5 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరమొచ్చినా ఫోన్ చేయండి. ఆసుపత్రి చాలా దూరమయ్యే ప్రయాణాలు రెండు వారాలు పెట్టుకోకండి.

రెండు మూడు వారాలు పక్క తడపడం, కొంగు వదలకపోవడం, పీడకలలు, చిన్నదానికే మారాం ఉండొచ్చు. వెక్కిరించకండి. ఇంట్లో మళ్లీ డాక్టరాట ఆడనివ్వండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుతో మాట్లాడండి.

మీ అమ్మాయి దగ్గరికి మాత్రం ఈరోజే వెళ్లండి. ‘నిన్న కసిరాను, నాకూ కంగారుగా ఉండి అలా అన్నాను. నువ్వు అడిగింది మంచి ప్రశ్న’ అని మొదలుపెట్టండి. తర్వాత సూటిగా: ‘చచ్చిపోతాడని ఎవరూ అనుకోవట్లేదు. ఈ ఆపరేషన్ డాక్టర్లు చాలామంది పిల్లలకు చేస్తారు. వాడి ఊపిరి, గుండె కనిపెట్టుకోవడానికే ఒక డాక్టరు అక్కడే ఉంటారు.’ తొమ్మిదేళ్లకు చావంటే ఏమిటో తెలుసు, మాట మార్చితే మనసులో అదే పెరుగుతుంది. తమ్ముణ్ని ఎప్పుడో కొట్టడం వల్లనో, ‘నువ్వు లేకపోతే బావుండు’ అనడం వల్లనో ఇలా అయిందని అనుకుంటోందేమో కదిపి చూడండి. అనుకోకపోయినా ‘ఇది ఎవరివల్లా రాలేదు, నీకు అంటుకోదు’ అని చెప్పండి. తమ్ముడికి ఏ రోజు చెప్పబోతున్నారో చెప్పి, అప్పటిదాకా దాచమనండి. ఆ రాత్రి తను ఎక్కడ పడుకుంటుంది, బడి నుంచి ఎవరు తెస్తారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. నానమ్మనూ తననూ ఒక జట్టు చేయండి. మూడో రోజు నుంచి ప్రతి పది నిమిషాలకూ తమ్ముడికి చెంచా అందించి నోటు పుస్తకంలో ఒక గీత గీయడం వాళ్లిద్దరి పని. మందు సమయాలు, కొలతలు మాత్రం పెద్దవాళ్లవే.